బత్తాయికి వేరుమూలం ఎంచుకోవడం, వేళ్లలో పిండి నిల్వ చూసుకోవడం ఎలా?

"రంగపూర్ నిమ్మ మీద కట్టిన మొక్క తెచ్చుకోవాలా, జంబేరి మీద కట్టినదా?" అని కొత్తగా తోట పెట్టేవాళ్లు అడుగుతారు. అంటే అంటు కింద వేళ్లిచ్చే మొక్క, వేరుమూలం, ఏది కావాలని. "నిరుడు విరగకాసిన చెట్టు ఈ ఏడు పూత పూయకుండా కొమ్మలెండుతోంది, ఏం మందు కొట్టాలి?" అని పాత తోటలవాళ్లు అడుగుతారు. రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. చెట్టు సంపాదించిన పిండి (స్టార్చ్) ఎక్కడ దాచుకుంటుంది, అది అక్కడికి చేరుతోందా లేదా అన్నది తెలిస్తే ఈ రెండు ప్రశ్నలూ సగం తీరిపోతాయి.

అవసరమైనంత మేరకే శాస్త్రం చెప్పుకుందాం. ఆకులు చేసిన చక్కెర బెరడు లోపలి పొర గుండా కిందికి దిగుతుంది. వాడుకోగా మిగిలినది కొమ్మల్లోనూ, కాండంలోనూ, ముఖ్యంగా వేళ్లలోనూ పిండిగా నిలవ ఉంటుంది. కొత్త చిగురుకీ, పూతకీ, పిందె నిలబడడానికీ చెట్టు ఈ గాదెలోంచే తీసి ఖర్చు పెడుతుంది. వేళ్లు ఎంత లోతుకు, ఎంత దట్టంగా పోతాయి, నీటినీ ఉప్పునూ ఎలా తట్టుకుంటాయి, అంటు అతుకు దగ్గర దారి ఎంత సాఫీగా ఉంటుంది అన్నవి వేరుమూలం మీద ఆధారపడతాయి. అందుకే ఒకే సాత్‌గుడి (బత్తాయి రకం) కన్ను, అంటే అంటుకు వాడే మొగ్గ, వేర్వేరు వేరుమూలాల మీద వేర్వేరు చెట్లుగా పెరుగుతుంది.

ఇక్కడ చెప్పేది నల్గొండ, అనంతపురం, కడప ప్రాంతాల్లో పెంచే సాత్‌గుడి గురించి. మీరు బత్తాయి అన్నా చీనీ అన్నా పద్ధతి ఒకటే.

కావలసినవి

- మీటరు లోతు గుంత తవ్వడానికి గడ్డపార, పార
- మట్టి, బోరు నీటి పరీక్ష ఫలితాలు (పీహెచ్, ఉప్పును కొలిచే ఈసీ, సున్నం శాతం)
- దర్జీ టేపు, కాండం మీద గుర్తు పెట్టడానికి కొంచెం పెయింటు
- మందుల షాపులో దొరికే 5 శాతం పోవిడోన్ అయోడిన్ ద్రావణం. చేతులు కడుక్కునే నురగ రకం పనికిరాదు
- డ్రాపరు, కొత్త బ్లేడు, తెల్ల ప్లేటు, ఒక పచ్చి బంగాళాదుంప
- పదునైన అంటు కత్తి, కొమ్మల కత్తెర
- బట్టలకు వాడే బ్లీచ్ ద్రావణం (కత్తి శుభ్రానికి)
- బోర్డో పేస్టు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీరు. ప్లాస్టిక్ తొట్టిలోనే కలపాలి, ఇనుప పాత్ర వద్దు
- చెట్ల లెక్క రాసుకోవడానికి నోటు పుస్తకం

1. ముందు నేలా నీరూ చూడండి

మొక్కల సంగతి ఎత్తే ముందు పొలంలో రెండు మూడు చోట్ల మీటరు లోతు గుంత తీయండి. ఎంత లోతులో రాతి పొర వచ్చింది, తెల్లటి సున్నపు గడ్డలు ఎక్కడ మొదలయ్యాయి, గుంత నిండా నీళ్లు పోస్తే మరుసటి రోజుకు ఇంకాయా లేదా రాసుకోండి. ఇరవై నాలుగు గంటల తర్వాత కూడా అడుగున నీళ్లు నిలిస్తే అక్కడ ఏ వేరుమూలమూ నిలకడగా ఉండదు. ముందు కాలువలు తీయాలి, లేదా ఎత్తు బోదెల మీద నాటాలి.

బోరు నీటి ఈసీ మీటరుకు 1.1 డెసీసైమన్ లోపు ఉంటే నారింజ జాతికి ఇబ్బంది లేదు. 1.6 దగ్గరకు వస్తే దిగుబడిలో దాదాపు పదో వంతు పోతుందని లెక్క. నీటి పరీక్ష వేసవిలో చేయించండి. వానల తర్వాత తీసిన నమూనా మంచి మాటే చెబుతుంది, ఏప్రిల్‌లో అదే బోరు వేరే మాట చెబుతుంది.

2. వేరుమూలం ఎంచుకోండి

*రంగపూర్ నిమ్మ.* మన నేలల్లో ఎక్కువ తోటలకు ముందుగా చూడవలసింది ఇదే. బెట్టకు ఓర్చుకుంటుంది, ఉప్పును కొంత తట్టుకుంటుంది. నీటిలోని క్లోరైడ్‌ను ఆకుల దాకా పోనివ్వదు. ట్రిస్టెజా వైరస్‌ను తట్టుకుంటుంది. త్వరగా కాపుకొస్తుంది, మొదటి ఏళ్లలో దిగుబడి బాగుంటుంది. బలహీనత కూడా అక్కడే ఉంది: చిన్న వయసులోనే కాయ నిలుపుకుని, వేళ్లు గట్టిపడకముందే నిల్వలు ఖర్చు పెట్టేస్తుంది. ఎక్సోకార్టిస్ అనే వైరాయిడ్ (వైరస్ లాంటి రోగకారకం) కన్ను ద్వారా వస్తే రంగపూర్ బెరడు పొరలు పొరలుగా లేచి చెట్టు గిడసబారిపోతుంది. నీరు నిలిస్తే వేరుకుళ్లు కూడా వస్తుంది.

*జంబేరి.* చెట్టు జోరుగా, పెద్దగా పెరుగుతుంది. కాయ సైజు బాగుంటుంది కాని తీపి కాస్త తక్కువ. లోతైన, నీరు ఇంకే ఇసుక నేలల్లో బాగా నిలుస్తుంది. బంక తెగులు, వేరుకుళ్లు త్వరగా పట్టుకుంటాయి. బరువు నేలలో జంబేరి మీద తోట పెట్టొద్దు, ఎవరు తక్కువ ధరకు ఇచ్చినా సరే. ఉప్పు నీటికీ ఇది పనికిరాదు.

*క్లియోపాత్రా.* ఉప్పు నీటి బోర్లున్నచోట రంగపూర్‌తో పాటు చూడదగ్గది ఇది. కాయ నాణ్యత మంచిది, సైజు కొంచెం చిన్నది. నర్సరీలో నెమ్మదిగా పెరుగుతుంది, కాపుకు ఆలస్యంగా వస్తుంది. నర్సరీవాళ్లు దీన్ని ఎక్కువగా పెంచకపోవడానికి కారణం అదే. ఓపిక ఉంటే మంచి వేరుమూలం.

*ట్రైఫోలియేట్ (మూడు రెక్కల ఆకు నారింజ), దాని సంకరాలు కరిజో, ట్రాయర్.* పొట్టి చెట్ల కోసం, దగ్గర దగ్గరగా నాటడం కోసం వీటి గురించి చాలామంది అడుగుతున్నారు. ట్రైఫోలియేట్‌కు వేరుకుళ్లును ఎదుర్కొనే గుణం బాగా ఉంది. అందులో ఫ్లయింగ్ డ్రాగన్ రకం చెట్టును నిజంగానే పొట్టిగా ఉంచుతుంది. కాని సున్నం ఎక్కువున్న, పీహెచ్ 8 చుట్టూ ఉన్న మన నేలల్లో ఇవి ఇనుము అందుకోలేక ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. గుంతలో సున్నపు గడ్డలు కనిపిస్తే వీటి జోలికి వెళ్లొద్దు.

*పుల్ల నారింజ.* సాత్‌గుడి కింద వద్దేవద్దు. 1930, 40 దశకాల్లో అర్జెంటీనా, బ్రెజిల్‌లలో పుల్ల నారింజ మీద కట్టిన లక్షల చెట్లు ట్రిస్టెజాతో పోయాయి. వైరస్ అంటు అతుకు కింద బెరడు లోపలి పొరను చంపుతుంది, పిండి కిందికి దిగక వేళ్లు ఆకలితో చస్తాయి, ఆ తర్వాత పైచెట్టు వాడిపోతుంది. బ్రెజిల్ అప్పుడు రంగపూర్‌కు మారింది. తోటలన్నీ దాదాపు ఆ ఒక్కదాని మీదే ఉండడంతో, తర్వాత రోజుల్లో రంగపూర్ మీది చెట్లకు ఆకస్మిక మరణం తెగులు వచ్చినప్పుడు మళ్లీ దెబ్బతింది. అందుకని పదెకరాలు పెట్టేవాళ్లు నాలుగైదు వరసలైనా క్లియోపాత్రా మీద వేసుకోవడం మంచిది.

3. నర్సరీలో ఏం చూడాలి

- అంటు అతుకు నేల నుంచి కనీసం 15 సెం.మీ. ఎత్తున ఉండాలి. 20–25 ఉంటే ఇంకా మేలు. కిందికి కట్టిన మొక్క చవకైనా వద్దు.
- వేరుమూలం పిలకలు కనిపిస్తే లేత చిగురు చూడండి. రంగపూర్, జంబేరి చిగుళ్లలో ఊదా ఛాయ ఉంటుంది, సాత్‌గుడి చిగురు లేతాకుపచ్చగా ఉంటుంది. పిలక ఆకు మూడు రెక్కలుగా ఉంటే అది ట్రైఫోలియేట్ లేదా దాని సంకరం.
- రంగపూర్‌కూ జంబేరికీ తేడా మొక్క మీద తెలియదు. విత్తనం తీసిన తల్లిచెట్టు కాయను చూపించమనండి. రంగపూర్ కాయ చిన్నది, పండితే తోలూ గుజ్జూ నారింజ రంగులో ఉంటాయి, తోలు వదులుగా ఉంటుంది. జంబేరి కాయ పసుపు రంగులో, గరుకుగా ఉంటుంది.
- ఒకటి రెండు సంచులు చింపి వేళ్లు చూడండి. తల్లివేరు సంచి అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ బ్యాచే వదిలేయండి. ఆ చుట్ట జన్మలో విప్పుకోదు.
- ఒకే బ్యాచ్‌లో మరీ గిడసగా, మరీ పొడవుగా ఉన్న మొక్కలు తీసుకోవద్దు. వీటి గింజల్లో ఎక్కువ భాగం తల్లిని పోలిన మొక్కలే ఇస్తాయి, తేడాగా కనిపించేవి తరచు సంకర మొక్కలు.

4. మీరే అంటు కట్టుకుంటే

వేరుమూలం పెన్సిల్ మందం వచ్చాక, బెరడు తేలిగ్గా లేచే రోజుల్లో 'టీ' ఆకారంలో కోసి కన్ను పెట్టండి. ఎత్తు 20 సెం.మీ. పైన. ఒక తల్లిచెట్టు కన్నులు అయిపోయి ఇంకో చెట్టుకు మారే ప్రతిసారీ కత్తిని బ్లీచ్‌లో ముంచాలి: ఒక పాలు బ్లీచ్, నాలుగు పాళ్లు నీరు. మంట మీద కాల్చడం, స్పిరిట్‌తో తుడవడం ఎక్సోకార్టిస్‌కు చాలదు. తర్వాత కత్తిని మంచినీటితో కడిగి నూనె రాయండి, లేకపోతే తుప్పు పడుతుంది.

రెండు మూడు వారాలకు పట్టీ విప్పండి. కన్ను పచ్చగా ఉంటే అతికినట్టు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: కన్ను పట్టగానే వేరుమూలం తల నరికేస్తారు. తల పోతే ఆకులు పోతాయి, కొత్త మొలక వేళ్లలో ఉన్న కాస్త నిల్వ మీదే బతకాలి. అలా చేయకుండా:

- కన్నుకు 5–8 సెం.మీ. పైన, కన్ను ఉన్న వైపే, కాండాన్ని మూడింట రెండు వంతులు కోసి తలను పక్కకు వాల్చండి. లేదా కోయకుండా వంచి దాని మొదలుకే కట్టండి.
- వాలిన తల ఆకులు వేళ్లకు తిండి పంపుతూనే ఉంటాయి, కన్ను మాత్రం మేల్కొంటుంది.
- మొలక 25–30 సెం.మీ. పెరిగాక తలను పూర్తిగా కోసి, కోత మీద బోర్డో పేస్టు రాయండి.

స్థలం చాలక వంచడం కుదరకపోతే సగం ఆకులైనా ఉంచి తుంచండి. మొండిగా నరకడం చివరి మార్గం.

5. నాటడం

6 మీటర్ల ఎడంతో ఎకరానికి సుమారు 110 మొక్కలు పడతాయి. మట్టి దిగిపోయాక కూడా అంటు అతుకు నేలకు 15 సెం.మీ. పైనే ఉండాలి. కొత్త గుంత మట్టి కుంగుతుంది కనుక నాటేటప్పుడు మొక్కను కొంచెం ఎత్తులోనే పెట్టండి. అతుకు మట్టిలో పూడితే రెండు నష్టాలు: సాత్‌గుడి బెరడుకు బంక తెగులు పడుతుంది, సాత్‌గుడి సొంత వేళ్లు వేసుకుని మీరు డబ్బిచ్చి కొన్న వేరుమూలం పక్కకు పోతుంది.

కాలువ నీరు పెట్టేవాళ్లు రెండు గట్ల పాదు చేయండి. లోపలి చిన్న గట్టు కాండానికి నీరు తగలకుండా ఆపుతుంది. డ్రిప్ అయితే లేటరల్ (చుక్కల పైపు)ను ఏటా బయటికి జరపండి.

6. మొదటి మూడేళ్లు కాయలు తీసేయండి

రంగపూర్ మీది మొక్క మూడో ఏడే పిందె పట్టి ఆశపెడుతుంది. తీసేయండి. నాలుగో ఏడు కూడా గొడుగు (కొమ్మల, ఆకుల గుబురు) నిండుగా ఉన్న చెట్ల మీదే, అదీ లోపలి కొమ్మలకు కొద్దిగా ఉంచండి. చిన్న చెట్టు మీద కాయ, వేరు ఒకే తిండి కోసం పోటీ పడతాయి, ఎప్పుడూ గెలిచేది కాయే. క్లియోపాత్రా మీద ఈ బాధ తక్కువ, అది ఎలాగూ ఆలస్యంగా కాస్తుంది.

అతుకు కింద నుంచి వచ్చే పిలకలను నెలకోసారి చూసి వేలితో గిల్లండి. ముదిరాక కత్తెరతో కోస్తే మొదట్లో మిగిలిన ముక్క నుంచి మళ్లీ మళ్లీ వస్తాయి.

7. వేళ్లలో పిండి ఉందో లేదో చూసే పరీక్ష

అయోడిన్ తగిలితే పిండి నల్లటి నీలంగా మారుతుంది. ఈ ఒక్క గుణంతో పొలంలోనే చెట్టు నిల్వ ఎంతో అంచనా వేయొచ్చు. ఏటా ఒకే కాలంలో చేయండి. తోటను వాడబెట్టే ముందు, అంటే పూత కోసం కొన్ని వారాలు నీరు ఆపే ముందు, చేయడం అన్నిటికంటే పనికొస్తుంది.

క) ఒక పాలు పోవిడోన్ అయోడిన్‌కు మూడు పాళ్లు నీరు కలపండి. ముందు బంగాళాదుంప ముక్క మీద చుక్క వేయండి. వెంటనే నల్లబడితే ద్రావణం మంచిది. నల్లబడకపోతే మందు పాతబడింది, పారేయండి. ఈ పని చేయకుండా మొదలుపెడితే పాడైన ద్రావణాన్ని చూసి చెట్టు పాడైందనుకుంటారు.

ఖ) తోటలో ఐదారు చెట్లు ఎంచుకోండి: బాగున్నవి రెండు, నీరసించినవి రెండు, మధ్యస్థంగా ఉన్నవి ఒకటి రెండు. కాండం మీద పెయింటుతో నంబరు వేయండి.

గ) గొడుగు అంచు కింద 10–20 సెం.మీ. లోతులో పెన్సిల్ మందం వేరు ఒకటి వెతకండి. చెట్టుకు ఒక్క వేరే. శుభ్రమైన కత్తెరతో 5 సెం.మీ. ముక్క కోసి, మిగిలిన కోతకు బోర్డో పేస్టు అద్ది మట్టి కప్పండి. గోరుతో గీస్తే బెరడు జారిపోయే వేరు చచ్చింది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. అది పరీక్ష ఫలితం కాదు, విడిగా రాసుకోవలసిన జబ్బు సూచన.

ఘ) వేరు కడిగి, బ్లేడుతో అడ్డంగా నున్నగా కోయండి. కత్తెర నలిపిన ముఖం మీద రంగు సరిగా పట్టదు. 2–3 మి.మీ. బిళ్లను తెల్ల ప్లేటులో పెట్టి ఒక చుక్క వేసి, రెండు మూడు నిమిషాలు ఆగి, నీటితో ఒకసారి కడగండి. కడగకపోతే అయోడిన్ సొంత గోధుమ రంగు తికమక పెడుతుంది.

ఙ) ఇలా మార్కులు వేయండి:
- 0: పసుపు గోధుమ రంగు తప్ప ఏమీ లేదు
- 1: బెరడు దగ్గర అక్కడక్కడా నల్ల చుక్కలు
- 2: మధ్య నుంచి అంచుకు సన్నటి నల్ల గీతలు సగం మేర
- 3: బిళ్లంతా నల్లటి నీలం

ఫోటో తీసి చెట్టు నంబరుతో దాచుకోండి. ఈ మార్కులు మీ తోటలో చెట్టుకూ చెట్టుకూ, ఏటికీ ఏటికీ పోల్చుకోవడానికే. రంగపూర్ చెట్టుకు 2 వచ్చిందని పక్క తోటలో జంబేరి మీది చెట్టుతో పోటీ పెట్టొద్దు.

8. పైనా కిందా పోల్చండి

నీరసించిన చెట్టుకు వేరు ఒక్కటే చూస్తే చాలదు. అదే మందం ఉన్న కొమ్మ ముక్క కూడా కోసి పక్కనే పెట్టి చుక్క వేయండి.

*కొమ్మలో ఉంది, వేరులోనూ ఉంది.* నిల్వ బాగుంది. చెట్టు పూయకపోతే కారణం వేరే: నత్రజని మోతాదు మించడం, సరిగా వాడకపోవడం, నీడ.

*కొమ్మలో లేదు, వేరులోనూ లేదు.* మోయలేనంత కాపు, ఆకు రాలుడు, ఉప్పు, బెట్ట, వీటిలో ఏదో ఒకటి. చెట్టును తేరుకోనివ్వాలి.

*కొమ్మలో నల్లగా ఉంది, వేరులో ఏమీ లేదు.* ఇది ప్రమాద సూచన. పిండి తయారవుతోంది, దిగడం లేదు. అతుకు దగ్గరో కాండం మొదట్లోనో దారి మూసుకుంది. బంక తెగులు కాండాన్ని చుట్టేసిందేమో, పాత ప్లాస్టిక్ పట్టీ గాని, లేబుల్ తీగ గాని బిగుసుకుపోయిందేమో, అతుకు కుదరలేదేమో చూడండి. ఎరువు వేస్తే ఇది బాగుపడదు.

*ఆకుల్లో మాత్రమే బాగా నల్లగా ఉంది.* గ్రీనింగ్ తెగులులో ఆకుల్లోనే పిండి పేరుకుపోతుంది. ఆకు మచ్చలు ఈనెకు రెండు వైపులా ఒకేలా లేకుండా ఉంటే అనుమానించి, ప్రయోగశాలలో పీసీఆర్ పరీక్ష చేయించండి. అయోడిన్‌తో గ్రీనింగ్‌ను ఖాయం చేయలేం. మధ్యాహ్నం తర్వాత మంచి ఆకులో కూడా పిండి ఉంటుంది కనుక ఆకులు తెల్లవారుజామునే కోయాలి.

9. వాడబెట్టాలా వద్దా

వాడబెట్టడం అంటే నిల్వ మీద చెక్కు రాయడమే. ఖాతాలో ఉన్న చెట్టుకే అది చెల్లుతుంది.

- మార్కు 2–3 ఉన్న చెట్లు: చల్క నేలల్లో 3–4 వారాలు, నల్లరేగడిలో 6–8 వారాలు నీరు ఆపవచ్చు. రోజుల లెక్క కంటే ఆకును నమ్మండి. నాలుగో వంతు ఆకు రాలినా, మధ్యాహ్నం ముడుచుకున్న ఆకు మర్నాడు తెల్లారేసరికి విప్పుకోకపోయినా ఇక ఆపేయండి.
- మార్కు 0–1 ఉన్న చెట్లు: ఈసారి వాడబెట్టొద్దు. మామూలుగా తడులివ్వండి.

రంగపూర్ మీది చెట్లు లోతు నేలలో త్వరగా వాడవు. పక్కవాళ్ల తోట వాడిపోయింది, మాది ఇంకా పచ్చగా ఉందని పాదు తవ్వి వేళ్లు తెంచేవాళ్లున్నారు. ఆ తెగిన వేళ్లతో పాటు నిల్వా పోతుంది, గాయాల గుండా ఫ్యుసేరియం లాంటి వేరుకుళ్లు శిలీంధ్రాలు దిగుతాయి. ఇంకో వారం ఆగండి, వేళ్లు తెంచొద్దు.

తిరిగి నీరు పెట్టేటప్పుడు మొదటి తడి పలుచగా, రెండోది కొంచెం ఎక్కువగా, మూడోది పూర్తిగా ఇవ్వండి. ఒకేసారి నింపితే పీచు వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి, పూత రాలుతుంది.

సీజన్ కాపు, కత్తెర కాపు (సీజన్ కాని కాలంలో తీసే కాపు) రెండూ ఒకే చెట్టు మీద ఏటా తీయాలనుకోవద్దు. ధర బాగుందని రెండూ తీసిన తోటల్లోనే ఎండుడు ముందు మొదలవుతుంది.

10. కాపు ఉన్న ఏడు

పూత వచ్చినప్పుడు దగ్గరికెళ్లి చూడండి. పూల గుత్తితో పాటు కొత్త ఆకులు వస్తే పిందె బాగా నిలుస్తుంది. చెట్టంతా తెల్లగా పూసి గుత్తుల్లో ఆకే లేకపోతే సంతోషించొద్దు, ఎక్కువ రాలిపోతుంది.

పూత తర్వాత 6–8 వారాల్లో సహజంగా రాలేది రాలిపోతుంది. అది ముగిశాక, పిందె గోలీ సైజులో ఉన్నప్పుడు, వేరు మార్కు 0–1 వచ్చిన చెట్ల మీద మూడో వంతు నుంచి సగం వరకు కోసేయండి. కాయ కోయడానికి చేయి రాదు. కాని నిల్వ లేని చెట్టు మీద వదిలిన కాయ సైజుకు రాదు, చెట్టునూ మిగల్చదు.

కాయ తయారయ్యాక ధర కోసం చెట్టు మీదే ఉంచే ప్రతి వారం వచ్చే ఏటి పూతలోంచి తగ్గుతుంది. ముందు బలహీనమైన చెట్లు కోయించండి, బలమైన వాటిని ఆపుకోండి. వ్యాపారితో ముందే ఆ మాట అనుకోవాలి.

కోత అయ్యాక ఎండు పుల్లలు, నీటి కొమ్మలు మాత్రమే తీయండి. పచ్చని ఆకున్న కొమ్మలు దండిగా కొట్టొద్దు, ఆకు కూడా నిల్వే. చిగురు సగం విప్పుకున్నప్పుడు లీటరు నీటికి యూరియా 10 గ్రాములు, జింక్ సల్ఫేట్ 5 గ్రాములు, దాని ఘాటు తగ్గించడానికి సున్నం 2.5 గ్రాములు కలిపి వడకట్టి పిచికారీ చేయండి. ముందు రెండు కొమ్మల మీద కొట్టి, ఆకు మాడలేదని చూసుకున్నాకే తోటంతా.

11. ఏటా అతుకు కొలవండి

అతుకుకు 10 సెం.మీ. కింద, 10 సెం.మీ. పైన పెయింటుతో గీత పెట్టి, ఏటా అదే నెలలో రెండు చుట్టుకొలతలు రాయండి. రెండూ దాదాపు సమానంగా పెరుగుతుంటే మంచిది. ట్రైఫోలియేట్ మీద కింది భాగం లావెక్కడం మామూలే, భయపడొద్దు. రంగపూర్, జంబేరి మీద ఒక భాగం పెరుగుతూ రెండోది ఆగిపోతే అతుకు పక్కన 1×2 సెం.మీ. బెరడు కిటికీలా తీసి చూడండి. లోపల గోధుమ గీత, బంక, గుంతలు కనిపిస్తే అతుకు పాడవుతోంది. చూశాక పేస్టు రాయండి. కాండానికి రెండడుగుల ఎత్తు దాకా వానలకు ముందొకసారి, తర్వాతొకసారి బోర్డో పేస్టు పూయడం ఎలాగూ మానొద్దు.

తరచూ జరిగే తప్పులు

- ఒక్క చెట్టు, ఒక్క వేరు చూసి తోటంతటికీ తీర్పు చెప్పడం.
- పీచు వేరును పరీక్షించడం. అందులో నిల్వ పెద్దగా ఉండదు, పెన్సిల్ మందమే సరి.
- కొన్ని చెట్లు కోతకు ముందు, కొన్ని కోత తర్వాత చూసి పోల్చడం.
- ఆకు పచ్చగా ఉందని వేరు బాగుందనుకోవడం. యూరియా ఎక్కువైన తోటలో ఆకు నల్లపచ్చగా, వేరు ఖాళీగా ఉండడం మామూలు.
- చనిపోయిన చెట్టు గుంతలో ఏమీ చేయకుండా అదే వేరుమూలం మొక్క మళ్లీ పెట్టడం. వేళ్లన్నీ ఏరి, గుంతను ఎండకు ఆరబెట్టి, పక్కకు జరిపి నాటండి.

పాత చెట్టును నిలబెట్టగలమా?

జంబేరి మీది చెట్టుకు కింద వేరుకుళ్లు పట్టి, పైన గొడుగు ఇంకా సగానికి మించి పచ్చగా ఉంటే కొత్త కాళ్లు కట్టవచ్చు. పెన్సిల్ మందం రంగపూర్ మొక్కలు రెండు మూడు, కాండానికి 20–30 సెం.మీ. దూరంలో, వేర్వేరు వైపుల నాటండి. అవి నిలదొక్కుకున్నాక, బెరడు లేచే కాలంలో, పాత అతుకుకు పైన సాత్‌గుడి కాండం మీద తలకిందులు 'టీ' కోత పెట్టి, చిన్న మొక్క కొనను ఏటవాలుగా చెక్కి లోపలికి దూర్చండి. సన్న మేకు కొట్టి, పట్టీ చుట్టి, అంచులకు పేస్టు రాయండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు అతుకుతుంది. అతికిందనడానికి గుర్తు: కట్టిన మొక్క కాండం కొన్ని నెలల్లో లావెక్కడం మొదలవుతుంది. దాని మీద వచ్చే చిగుళ్లు ఎప్పటికప్పుడు గిల్లేయండి. ఆ ఏడు చెట్టు మీద కాయ ఉంచొద్దు.

గొడుగులో గ్రీనింగ్ ఉన్నట్టు ప్రయోగశాల తేల్చినా, బంక తెగులు కాండాన్ని మూడింట రెండు వంతులు చుట్టేసినా, కొమ్మకూ వేరుకూ రెండేళ్లు వరసగా సున్నా మార్కు వచ్చినా ఈ శ్రమ పెట్టొద్దు. చెట్టును వేళ్లతో సహా తీయించండి. గ్రీనింగ్ చెట్టయితే ముందు ఆ తెగులును మోసుకెళ్లే సిట్రస్ సిల్లా పురుగుకు మందు కొట్టి, తర్వాత నరకండి. లేకపోతే నరికిన చెట్టు మీది పురుగులన్నీ పక్క చెట్ల మీద వాలతాయి.